పదిమంది సూపర్ యూజర్లు

2021 నవంబరు. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సిబ్బందికి మూడు రోజుల్లో రెండు వందలకు పైగా మెయిళ్లు వచ్చాయి. చాలామంది పట్టించుకోలేదు. ఇద్దరు తెరిచి క్లిక్ చేశారు.

అంతే. రిమోట్ యాక్సెస్ ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రాం ఆ కంప్యూటర్లలోకి దిగింది. ఎక్కడో కూర్చున్నవాళ్లకు ఆ తెరలు కనిపించడం మొదలైంది. వాళ్లు తొందరపడలేదు. మామూలు ఉద్యోగి లాగిన్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు మరి. ఎంట్రీ ఒకరు వేస్తే ఇంకొకరు ఆమోదించాలి. ఏ ఆదేశం ఎవరు ఇవ్వొచ్చో సాఫ్ట్‌వేర్‌లో ముందే రాసి ఉంటుంది. ఆ అడ్డేదీ లేనివాడు సూపర్ యూజర్ ఒక్కడే. పరిమితులు మార్చగలడు, కొత్త యూజర్లను పెట్టగలడు. అలాంటివాళ్లు ఒకరో ఇద్దరో ఉంటే చాలు. ఆ బ్యాంకులో పదిమంది ఉన్నారు! కొందరి పాస్‌వర్డూ ఒకటేనని ఆ తర్వాత దర్యాప్తులో తేలింది.

దొంగలు ఆ పదిమందిలో ఒకరికోసం కాచుకుని ఉన్న రోజులవి. ఒక బ్యాంకులో పదిమంది సూపర్ యూజర్లు ఎలా తయారవుతారో తెలియాలంటే అదే నగరంలోని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాలి. మెట్రో మెట్లు దిగి తలెత్తితే చాలు, ట్యాలీ, ఒరాకిల్, లైనక్స్ నేర్పే కంప్యూటర్ శిక్షణ కేంద్రాల బోర్డులు. నల్గొండ నుంచీ ఖమ్మం నుంచీ వచ్చి చైతన్యపురి, ఎల్బీ నగర్ హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు నేర్చుకునేది ఇక్కడే. రేపు ఎక్కడో ఒక ఆఫీసులో అనుమతులు పెట్టేదీ వీళ్లే.

లైనక్స్ క్లాసులో కొత్తగా చేరిన కుర్రాడు ఏదో ఆదేశం కొడతాడు. ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. మళ్లీ కొడతాడు, మళ్లీ అదే. పక్కవాడు తొంగిచూసి ‘సీహెచ్‌మాడ్ 777 కొట్టు, పోతుంది’ అంటాడు. నిజంగానే పోతుంది. ఫైలు మీద ఎవరికి ఏ హక్కో చెప్పే అంకెలవి: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కలిపితే 7. యజమానికి ఏడు, గ్రూపుకు ఏడు, ఊళ్లో అందరికీ ఏడు. ప్రాక్టికల్ పూర్తయింది. డేటాబేస్ క్లాసులోనూ అంతే. ఎర్రర్ వస్తే అన్ని హక్కులూ ఇచ్చేసే ‘గ్రాంట్ ఆల్’. ఇచ్చిన హక్కును వెనక్కి తీసుకునే ‘రివోక్’ ఇంటర్వ్యూ ప్రశ్నగా మిగిలిపోతుంది. పని ఆగిన ప్రతిసారీ ఇంకో మనిషికి అన్ని హక్కులూ ఇచ్చేయడం ఇక్కడ మొదలైన అలవాటేనని నా నమ్మకం. పనికి ఎంత కావాలో అంతకు మించి ఎవరికీ హక్కు ఇవ్వకూడదని అమెరికాలోని ఎంఐటీకి చెందిన సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. ఆ మాట పిల్లల చెవిన పడేలా చెప్పేవాళ్లు కావాలి.

2022 జనవరి నాలుగో శనివారం బ్యాంకులకు సెలవు, ఆ మర్నాడు ఆదివారం. ఆ సెలవుల్లోనే మహేశ్ బ్యాంకులోకి దొంగలు సూపర్ యూజర్ హక్కులతో దిగారు. రూ.12.48 కోట్లు ముందు అదే బ్యాంకులోని నాలుగు ఖాతాల్లోకి, అక్కడి నుంచి వేరే బ్యాంకుల్లోని 115 ఖాతాల్లోకి, వాటి నుంచి మరో 398 ఖాతాల్లోకి పాకింది. అందులో చాలా భాగం దేశమంతటా 938 ఏటీఎంల నుంచి నోట్లుగా బయటికొచ్చింది. సోమవారం బ్యాంకు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది.

మార్చి చివర్లో అప్పటి నగర పోలీసు కమిషనర్ సీవీ ఆనంద్ విలేకరుల ముందు ఈ లెక్కలన్నీ పెట్టారు. పోలీసులు రాష్ట్రాలు తిరిగి ఇరవై మందికి పైగా నిందితులను పట్టుకున్నారు. దర్యాప్తు ఖర్చే రూ.58 లక్షలు. సైబర్ భద్రత నియమాలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది.

దిల్‌సుఖ్‌నగర్ మాస్టార్లను నేను అడిగేది ఒక్కటే. ఖాతాలు రాసే ట్యాలీలో ‘ఓనర్’, ‘డేటా ఎంట్రీ’ అని రెండు స్థాయులు ముందే ఉంటాయి కదా. మొదటి వారంలోనే పిల్లల చేత ఆ రెండో లాగిన్ పెట్టించండి. ఎంట్రీ వేయగలిగి, ఓనర్‌కున్న హక్కులన్నీ లేని లాగిన్ అది. దాంతోనే వారమంతా పని చేయించండి. లైనక్స్ బ్యాచ్‌లో 777 వాడిన జవాబుకు మార్కులు వేయకండి. ‘పర్మిషన్ డినైడ్’ వచ్చినప్పుడు ఈ పని చేసే హక్కు నీకు ఎందుకుండాలో చెప్పమని అడగండి. సరైన కారణం చెప్పినవాడికే, చెప్పినంత మేరకే ఇవ్వండి.