తల్లులపై పడిన అభాండం: ఆటిజం పరిశోధన చరిత్ర

ఆటిజం ఉన్న బిడ్డను వెంటబెట్టుకొని వచ్చిన తల్లి అడిగే మొదటి ప్రశ్న చాలాసార్లు బిడ్డ గురించి కాదు. "డాక్టరుగారూ, కడుపుతో ఉన్నప్పుడు నేనేమైనా పొరపాటు చేశానా? పెంపకంలో లోపం జరిగిందా?" అని అడుగుతుంది. వైద్యవృత్తిలో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్నను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "నీ పెంపకం వల్ల కాదమ్మా" అని ఈనాడు ఏ వైద్యుడైనా నిస్సంకోచంగా చెప్పగలడు. కానీ పేరుమోసిన నిపుణులే "దోషం నీదే" అని తల్లికి చెప్పిన కాలం ఒకటి ఉన్నది. ఆ అభాండం ఎలా పుట్టింది, ఎలా తొలగింది అన్నది మనం తెలుసుకోదగిన చరిత్ర.

"ఆటిజం" అనే పదాన్ని 1910 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ రూపొందించారు. "తాను" అనే అర్థమిచ్చే గ్రీకు మాట దానికి మూలం. స్కిజోఫ్రీనియా ఉన్నవారు బాహ్యప్రపంచాన్ని విడిచి తమలోకి తాము ముడుచుకుపోయే లక్షణానికి ఆయన ఆ పేరు పెట్టారు. పిల్లలలో ఇదొక ప్రత్యేక స్థితి అని ప్రపంచం దృష్టికి తెచ్చినవారు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పనిచేసిన లియో కానర్. 1943లో ఆయన 11 మంది పిల్లలను, 8 మంది బాలురను, ముగ్గురు బాలికలను, వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. మనుషులతో కలవలేకపోవడం, అన్నీ ఎప్పుడూ ఉన్నట్లే ఉండాలని పట్టుబట్టడం, విన్న మాటనే తిరిగి పలకడం వంటి లక్షణాలు అందులో ఉన్నాయి.

ఆ వ్యాసంలో రెండు బీజాలు ఉన్నాయి. ఈ స్థితి పుట్టుకతోనే వస్తుందన్న భావన మొదటిది. ఈ పిల్లల తల్లిదండ్రులలో ఆప్యాయత కలవారు తక్కువగా కనిపించారన్న వ్యాఖ్య రెండవది. మొదటిది మరుగున పడింది, రెండవది మొలకెత్తింది. 1949లో కానరే ఈ పిల్లలను మంచు కరగని ఫ్రిజ్‌లో ఉంచిన వస్తువులతో పోల్చారు. అక్కడి నుంచి "ఫ్రిజ్ తల్లులు" అనే మాట వ్యాపించింది.

ఇందులోని తర్కదోషాన్ని మీరే గమనించవచ్చు. ఆ రోజుల్లో అంత పెద్ద నిపుణుని వద్దకు బిడ్డను తీసుకురాగలిగినవారు ఎక్కువగా చదువుకున్న, స్థితిమంతులైన కుటుంబాలవారే. పిలిస్తే పలకని, ఎత్తుకుంటే ఒదగని బిడ్డ ముందు ఏ తల్లి అయినా క్రమంగా నిస్పృహ చెందుతుంది. ఆ నిస్పృహనే కారణంగా భావించి, ఫలితాన్ని మూలంగా పొరబడ్డారు.

ఈ పొరపాటును పరాకాష్ఠకు చేర్చినవారు షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూనో బెటల్‌హైమ్. ఆయన నాజీల నిర్బంధ శిబిరాల్లో బందీగా ఉండి బయటపడినవారు. 1967లో వెలువరించిన తన పుస్తకంలో ఆయన ఆటిజం ఉన్న పిల్లలను ఆ శిబిరాల్లోని బందీలతో పోల్చారు. అంటే కాపలాదారు స్థానంలో తల్లి నిలిచిందన్నమాట! బిడ్డను ఇంటినుంచి వేరుచేసి ఉంచడమే చికిత్స అన్నారు. ఎందరో తల్లులు ఆ నిందను మౌనంగా మోశారు.

ప్రతిఘటన ఒక తండ్రి నుంచి వచ్చింది. అమెరికా నౌకాదళంలో మనస్తత్వ శాస్త్రవేత్తగా పనిచేస్తున్న బెర్నార్డ్ రిమ్లాండ్ కుమారునికి ఆటిజం ఉన్నది. ఆయన లభ్యమైన పరిశోధనలన్నీ చదివి, తల్లి పెంపకం కారణమనడానికి ఆధారం లేదని, మూలం శరీరధర్మంలోనే వెతకాలని 1964లో ఒక గ్రంథం రాశారు. దానికి ముందుమాట రాసినవారు స్వయంగా కానర్. 1969లో తల్లిదండ్రుల సభలో కానర్ నిలబడి, వారిని నిర్దోషులుగా ప్రకటిస్తున్నానని చెప్పారు.

నిర్దోషులని ప్రకటించడం వేరు, నిరూపించడం వేరు. నిరూపణకు బలమైన తొలి ఆధారం కవలల నుంచి లభించింది. ఒకే అండం నుంచి ఏర్పడిన కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు అండాల కవలలు మామూలు తోబుట్టువుల వలె సగటున సగం జన్యువులనే పంచుకుంటారు. ఇద్దరినీ పెంచే తల్లి మాత్రం ఒక్కతే, ఇల్లూ ఒక్కటే. పెంపకమే కారణమైతే రెండు రకాల కవలలలోనూ ఫలితం ఒకేలా ఉండాలి. లండన్‌లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 కవల జంటలను పరిశీలించి 1977లో ఫలితాలు ప్రకటించారు. ఒకే అండపు కవలలు 11 జంటలలో 4 జంటలకు ఇద్దరికీ ఆటిజం ఉన్నది. రెండు అండాల కవలలు 10 జంటలలో అలాంటి జంట ఒక్కటీ లేదు. భాషాలోపాల వంటి ఇతర జ్ఞానసంబంధ ఇబ్బందులను కూడా కలిపి చూస్తే 11లో 9, 10లో 1 అని తేలింది. సంఖ్యలు చిన్నవే అయినా దిశ స్పష్టమైంది. 1980లో అమెరికా మనోవైద్యుల వ్యాధి నిర్ణయ గ్రంథం ఆటిజాన్ని స్కిజోఫ్రీనియా నుంచి వేరుచేసి ప్రత్యేక స్థానమిచ్చింది.

అయితే "ఆటిజం జన్యువు" అని ఒక్కటి వేలెత్తి చూపగలిగేది లేదు. 2020లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం ఆటిజం ఉన్న సుమారు 12 వేల మంది జన్యుసమాచారాన్ని పరిశీలించి, సంబంధం ఉన్న జన్యువులు 102 అని గుర్తించింది. వాటిలో చాలావరకు మెదడు ఎదుగుదలలోను, నాడీకణాల నడుమ సంకేతాలలోను పాలుపంచుకునేవి. వీటికి తోడు, చిన్న చిన్న ప్రభావం గల సామాన్య జన్యుభేదాలు అనేకం కలిసి పనిచేస్తాయి. గర్భస్థ దశలోని ఇతర అంశాల పాత్ర కూడా కొంత ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. "జన్యువుల వల్ల" అనగానే మన ఇళ్లలో "ఎవరి వైపు నుంచి వచ్చింది? మా వంశంలో లేదే!" అనే మాట లేస్తుంది. పాత అభాండం కొత్త వేషం వేసుకొని మళ్లీ కోడలి మీదికే వస్తుంది. కొందరు పిల్లలలో కనిపించే జన్యుమార్పు తల్లిలోను లేదు, తండ్రిలోను లేదు. అండంలోనో శుక్రకణంలోనో కొత్తగా తలెత్తినది. 2007 నాటి పరిశోధనలు ఈ సంగతిని స్పష్టం చేశాయి. వంశంగా వచ్చిన భేదాలైనా ఏ ఒక్కరూ ఎంచుకొని ఇచ్చినవి కావు. దోషం అనే మాటకు ఇక్కడ తావే లేదు.

మీ ఇంట్లో ఏడాది నిండినా పిలిస్తే తిరిగి చూడని, కళ్లలోకి చూడని, వేలితో చూపించని పసిబిడ్డ ఉంటే, "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అని సరిపెట్టుకోకండి. పిల్లల వైద్యునికి చూపించండి. మాటలు నేర్పే శిక్షణ, ప్రవర్తనకు, దినచర్యకు సంబంధించిన శిక్షణ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. దాని కింద లభించే ధ్రువపత్రం గురించి విచారించండి. ఆ బిడ్డ తల్లి తలవంచుకొని కూర్చుంటే, కానర్ 1969లో చెప్పిన మాటను ఇంటి పెద్దలుగా మీరే ముందు చెప్పండి.