పొగను చెరిపేసిన ఫొటోలు: జపాన్ కుంపటి దగ్గర మనకొక చరిత్ర పాఠం



ఈసారి మన ఉగాది సంచికలో వంటల ఫొటోలకు కొన్ని పేజీలు కావాలని యువజన విభాగం పిల్లలు అడిగారు. మామూలు ఫొటోలు కాదు, ప్రయోగాలు చేస్తామన్నారు. మచ్చుకి నగరంలోని ఒక జపనీస్ గ్రిల్ హోటల్లో తీసినవి గ్రూపులో పెట్టారు. చుట్టూ చీకటి, మధ్యలో ఎర్రటి నిప్పులు, వాటి మీద పలుచటి మాంసం ముక్క, అంచున మెరుస్తున్న కొవ్వు. చాలామంది మెచ్చుకున్నారు. పెద్దవాళ్ళు కొందరు మాత్రం, "తరతరాలుగా చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళ సంచికకు జపాను మాంసంతో పనేంటి నాయనా?" అన్నారు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఆ ఫొటోలో కనపడని కథను ఇక్కడ రాస్తున్నాం. శాకాహారులైన మిత్రులు ఓపిక పట్టాలి. ఇది మాంసం కథ కన్నా, ఊరు విడిచి వచ్చిన మనుషుల కథ.

మాంసం దాచుకున్న దేశం

జపాన్ అంటే చేపలు, అన్నం అని మనకు తెలుసు. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. క్రీ.శ. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను ఏడాదిలో కొన్ని నెలలపాటు తినకూడదని ఆజ్ఞ వేశాడు. బౌద్ధ ప్రభావం, పశువుల అవసరం రెండూ కలిసి తర్వాతి శతాబ్దాల్లో నాలుగు కాళ్ళ జంతువుల మాంసం అంటే చిన్నచూపు పెరిగింది. అలాగని ఎవరూ తినలేదని కాదు. అడవిపంది మాంసాన్ని 'కొండ తిమింగలం' అనే అర్థం వచ్చే పేరుతో అమ్మేవాళ్ళు. పేరు మారిస్తే పాపం తగ్గినట్టు!

పశువులను కోసేవాళ్ళను, తోలు పని చేసేవాళ్ళను మాత్రం ఊరికి అవతల ఉంచారు. చట్టంలో ఆ అంటరానితనాన్ని 1871లో రద్దు చేశారు. సమాజంలో అది అంత తొందరగా పోలేదు. ఈ సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1872లో మేజీ చక్రవర్తి స్వయంగా గొడ్డు మాంసం తిన్నారన్న కబురు బయటికి వచ్చింది. అప్పటినుంచి మాంసం తినడం నాగరికతకు గుర్తయింది. అయితే పట్నంలో వాళ్ళు ఇష్టపడింది ఎక్కువగా గిన్నెలో ఉడికించిన మాంసమే. బల్ల మధ్యలో కుంపటి పెట్టుకుని, పచ్చి ముక్కలు ఎవరికి వాళ్ళు కాల్చుకుని తినే ఈ 'యాకినికు' పద్ధతి మరో దారిన వచ్చింది.

మూడు నిప్పులు, మూడు కథలు

మన పిల్లలు అన్నింటినీ కలిపి 'జపనీస్ గ్రిల్' అంటున్నారు కాబట్టి కాస్త విడదీసి చెప్తాం. కోడి ముక్కలను పుల్లకు గుచ్చి బొగ్గుల మీద కాల్చేది యాకితోరి. దానికి మంచి బొగ్గు కిషు ప్రాంతపు బించోతాన్. గట్టి ఓక్ జాతి కర్రతో చేస్తారు. మంట, పొగ రెండూ తక్కువ, వేడి మాత్రం నిలకడగా ఉంటుంది. ఇనుప రేకు మీద వంటవాడు మన ఎదురుగా గరిటెలు తిప్పుతూ చేసేది తెప్పన్‌యాకి. కోబె నగరంలో 1945లో మొదలైన 'మిసోనో' దానికి ఆద్యురాలంటారు. 1964లో న్యూయార్కులో పెట్టిన 'బెనిహానా' వల్ల అది ప్రపంచానికి తెలిసింది.

మూడోది యాకినికు. పిల్లలు ఫొటోలు తీసింది దీన్నే. మన కథా దీనిదే.

ఉన్నచోటే పరాయివాళ్ళయినవాళ్ళు

1910లో జపాన్ కొరియాను కలిపేసుకుంది. భూములు పోయినవాళ్ళు, కూలి వెతుక్కునేవాళ్ళు సముద్రం దాటి జపాన్ చేరారు. 1920లలో జెజు ద్వీపానికీ ఒసాకాకూ నేరుగా ఓడలు నడిచాయి. అందుకే ఈనాటికీ ఒసాకాలోని ఇకునో, త్సురుహాషి పేటల్లో జెజు మూలాలున్న కుటుంబాలు ఎన్నో. యుద్ధకాలంలో గనులకూ ఫ్యాక్టరీలకూ బలవంతంగా తెచ్చినవాళ్ళు మరికొందరు. 1945లో యుద్ధం ముగిసేనాటికి జపాన్‌లో కొరియన్లు దాదాపు 20 లక్షలు. ఎక్కువమంది వెనక్కి వెళ్ళిపోగా సుమారు 6 లక్షలమంది ఉండిపోయారు.

అప్పటిదాకా వాళ్ళు కాగితం మీద జపాన్ ప్రజలే. 1940లో జపాన్ తరహా పేర్లు పెట్టుకోమని ఒత్తిడి చేసింది కూడా ఆ ప్రభుత్వమే. అదే దేశం 1947లో వాళ్ళను విదేశీయులుగా నమోదు చేసుకోమంది. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం అమలైనప్పుడు వాళ్ళ జపాన్ పౌరసత్వం పోయింది. ఇల్లు కదల్లేదు, వీధి కదల్లేదు, మనుషులు పరాయివాళ్ళయ్యారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడి, మదరాసు ఇటు ఉండిపోయినప్పుడు మన పెద్దలకు కలిగిన గుబులు కొంత ఇలాంటిదే. అయితే పోలికను హద్దు దాటించకూడదు. మన పౌరసత్వం ఎవరూ తీసుకోలేదు, మన పేర్లు మార్చమని ఎవరూ చట్టం చేయలేదు. వాళ్ళు పడ్డది వేరు. పోలిక ఒక్క చోటే: ఉన్న ఊళ్ళో ఉంటూనే, "మీరు ఎక్కడివాళ్ళు?" అన్న ప్రశ్నకు తరతరాలుగా జవాబు చెప్పుకోవడం.

ఉద్యోగాలు దొరకని ఆ కొరియన్ కుటుంబాల్లో చాలామంది నల్లబజారు సందుల్లో బతుకు వెతుక్కున్నారు. మట్టి కుంపట్లు పెట్టి, ఇతరులు పెద్దగా ముట్టని పేగులు, పొట్ట, కార్జం శుభ్రం చేసి, వెల్లుల్లి, మిరప, నువ్వుల నూనె, సోయా పట్టించి కాల్చి అమ్మారు. దాన్ని 'హోరుమోన్' అంటారు. ఒసాకా యాసలో 'పారేసే వస్తువు' అన్న మాట నుంచి ఆ పేరు వచ్చిందని ఒక వాదన, 'హార్మోన్' అన్న మాటే అని మరొక వాదన. ఏది నిజమైనా, జనం నోట నిలిచింది మొదటి వాదనే. మన భాషలో చెప్పుకుంటే అది బోటి. మన పేటల్లో బోటి కూర ఎవరి ఇళ్ళలో వండేవారో, ఎవరు ముక్కు మూసుకునేవారో గుర్తు చేసుకుంటే చాలు, హోరుమోన్ అంటే ఏమిటో అర్థమైపోతుంది.

పేరు ఎలా జారిపోయింది

1946 ప్రాంతంలో ఒసాకాలో 'షోకుదోఎన్', టోక్యోలో 'మేగెత్సుకాన్' లాంటి హోటళ్ళు తెరుచుకున్నాయి. అప్పట్లో బోర్డుల మీద 'చోసెన్ వంట' అని ఉండేది. చోసెన్ అంటే పాత కొరియా. దేశం రెండు ముక్కలయ్యాక ఆ పేరే చిక్కు తెచ్చింది. 1965లో జపాన్, దక్షిణ కొరియా దౌత్య సంబంధాలు పెట్టుకున్నాక, బోర్డు మీద ఉత్తరం పేరు రాయాలా, దక్షిణం పేరు రాయాలా అన్న తగువు తప్పించుకోవడానికి 'యాకినికు', అంటే 'కాల్చిన మాంసం' అన్న ఎవరికీ చెందని పేరు స్థిరపడిందని చెబుతారు.

1968లో ఎబారా అనే కంపెనీ ఇంట్లో వాడుకునేందుకు యాకినికు సాస్ సీసాల్లో తెచ్చింది. ఆ సీసా మీద 'చోసెన్ పద్ధతి' అని రాసి ఉండేది. 1978లో అదే కంపెనీ తెచ్చిన ప్రసిద్ధమైన సాస్ పేరు 'ఒగోన్ నో అజి', బంగారు రుచి. పదేళ్ళలో రుచి మిగిలింది, ఊరి పేరు రాలిపోయింది.

పొగ పోయింది, కెమెరా వచ్చింది

యాకినికు హోటలంటే ఒకప్పుడు పొగ. కళ్ళు మండేవి, బట్టలకు వాసన పట్టేది, గోడలు జిడ్డు కట్టేవి. మంచి బట్టలు వేసుకుని వచ్చే చోటు కాదది. 1980లో నగోయాకు చెందిన షిన్‌పో సంస్థ పొగ రాని రోస్టర్ తెచ్చింది. పొగ పైకి లేవకముందే పొయ్యి అంచు నుంచి కిందికి లాగి, గొట్టాల గుండా బయటికి పంపే ఏర్పాటు. దాంతో కుటుంబాలు, ఆఫీసు ఉద్యోగులు, జంటలు రావడం మొదలైంది. 1991లో గొడ్డు మాంసం దిగుమతుల మీద పరిమితులు ఎత్తేశాక ధరలు దిగి, గొలుసు హోటళ్ళు ఊరూరా పెరిగాయి.

తిండిని కంటితో అమ్మడం జపాన్‌కు ముందే తెలుసు. గుజో హచిమాన్‌లో పుట్టిన ఇవాసాకి తకిజో 1932లో ఒసాకాలో మైనపు వంటకాల నమూనాల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయన పేరు చెబితే మైనపు ఆమ్లెట్ గుర్తొస్తుంది. హోటలు అద్దం వెనక ఎప్పుడూ చల్లారని, ఎప్పుడూ మాడని వంటకం. 2000 నవంబరులో షార్ప్ తయారుచేసిన కెమెరా ఫోను జె-ఫోన్ ద్వారా బజారులోకి వచ్చింది. దాని కెమెరా శక్తి లక్షా పదివేల పిక్సెళ్ళు మాత్రమే, అయినా తీసిన ఫొటోను అప్పటికప్పుడు పంపవచ్చు. 2017లో 'ఇన్‌స్టాలో బాగా కనపడేది' అన్న అర్థం గల మాట ఆ దేశంలో ఏటి మాటల్లో ఒకటిగా ఎంపికైంది.

మైనపు నమూనా నుంచి ఫోను ఫొటో దాకా అందరూ కోరుకున్నది ఒక్కటే, మచ్చలేని ముక్క. పొగ లేదు, జిడ్డు లేదు, పేగు కడిగిన చెయ్యి లేదు, త్సురుహాషి సందు లేదు. పొగ గొట్టంలోకి పోయినట్టే, మనుషులూ బొమ్మలోంచి బయటికి పోయారు.

ప్రయోగం అంటే

పిల్లలకు మేము చెప్పదలచింది ఇక్కడే. విచిత్రమైన కోణం, చీకటి నేపథ్యం మాత్రమే ప్రయోగం కాదు. మామూలు ఫొటో దాచేదాన్ని బయటపెట్టడం ప్రయోగం.

1930లో ఎడ్వర్డ్ వెస్టన్ ఒక మిరపకాయను, అంటే మనం క్యాప్సికం అనేదాన్ని, రేకు గరాటులో పెట్టి నలుపు తెలుపులో తీశాడు. చూస్తే ముడుచుకున్న మనిషి శరీరంలా ఉంటుంది. తానిజాకి 1933లో నీడల మీద రాసిన వ్యాసంలో జపాన్ వంటకాల అందం మసక వెలుతురులోనే తెలుస్తుందన్నాడు. ఇక అరాకి నొబుయోషి 1993లో 'షోకుజో' అనే ఫొటోల పుస్తకం తెచ్చాడు. 1990లో చనిపోయిన తన భార్య యోకోతో కలిసి తిన్న భోజనాల ఫొటోలవి. మరీ దగ్గరగా, ఫ్లాష్ వేసి తీసినవి. కొన్ని చూస్తే ఆకలి చచ్చిపోతుంది. అయినా మరచిపోలేం. ఆ పళ్ళెం ఎదుట ఎవరు కూర్చున్నారో తెలిశాక చూసే చూపు మారుతుంది.

అందుకే పిల్లలూ, మళ్ళీ నిప్పుల దగ్గరికి వెళ్ళినప్పుడు పొగను తప్పించకండి. వెలుతురు ముక్క వెనక నుంచి పడేలా కూర్చోండి, అప్పుడే పొగ కనపడుతుంది. షట్టరును సెకనులో నాలుగో వంతుకు తగ్గిస్తే పొగ దారాల్లా సాగుతుంది. ఇంకా వేగంగా పెడితే కొవ్వు చుక్క నిప్పులో పడి లేచే మంట ఆగి కనపడుతుంది. ఫోను తనంతట తాను రంగు సరిచేస్తే నిప్పుల ఎరుపు పోతుంది, వైట్ బ్యాలెన్స్ మీరే పెట్టుకోండి. ఎర్రటి ముక్క గోధుమరంగుకు తిరగడం సెకన్ల పని కాబట్టి ఒక్క ఫొటోతో ఆగకుండా వరుసగా తీయండి. అన్నిటికన్నా ముఖ్యం, పట్టకారు పట్టుకున్న చేతిని ఫ్రేములోకి రానివ్వండి. ఆ చెయ్యి ఎవరిదో అడిగి, వాళ్ళు సరేనంటేనే తీసి, కింద రాయండి.

మన పేజీలు

ఒరగడం, శ్రీపెరుంబుదూరు వైపు జపాన్ కంపెనీలు వచ్చాక మన నగరంలో వాళ్ళ హోటళ్ళూ పెరిగాయి. తడ దగ్గర శ్రీసిటీలోనూ జపాన్ సంస్థలున్నాయి, అక్కడ మన తెలుగు పిల్లలే పని చేస్తున్నారు. కాబట్టి ఆ కుంపటి మనకు మరీ దూరపుది కాదు. ఫొటోలు సంచికలో పెడదాం. జపాన్ ముక్క పక్కన, దాన్ని ఆ దేశానికి అలవాటు చేసిన కొరియన్ల మాట నాలుగు వాక్యాల్లో రాద్దాం.

కానీ మిగతా పేజీలు మన కుంపట్లకు ఉంచుదాం. పెరంబూరులో, జార్జిటౌనులో, మన పేటలన్నిటిలో ముసలివాళ్ళ చేతుల్లో ఇంకా ఉన్న వంటలున్నాయి. ఇంట్లో తెలుగులో ఒక పేరు, వీధిలో తమిళంలో ఇంకో పేరు. పిల్లలకు రెండోదే తెలుసు. యాకినికు సీసా మీద జరిగింది మన వంటింట్లో చప్పుడు లేకుండా జరుగుతోంది. రుచి ఎక్కడికీ పోదు, పేరే ముందు పోతుంది. పేరుతోపాటు అది ఎవరిదన్న సంగతీ పోతుంది.

కాబట్టి మనవి ఒక్కటే. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చేసే ఒక వంట ఫొటో పంపండి. పండగ వంటే కానక్కర్లేదు. సంగటైనా సరే, బోటి అయినా సరే, రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున చేసుకునేదైనా సరే. వండిన చెయ్యి కనపడాలి. కింద మూడు సంగతులు రాయండి: ఇంట్లో పిలిచే పేరు, వీధిలో పిలిచే పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ మనిషి వరస. అత్తా, మేనత్తా, నాయనమ్మా, పక్కింటి అక్కా, ఎవరైనా సరే. ఫొటో మసగ్గా వచ్చినా, పొగ కమ్మినా ఫర్వాలేదు. పొగ ఉన్నవాటికే ముందు పేజీలు.