ఎడారి నడిచి వస్తుందా?

అనంతపురం జిల్లా రాయదుర్గం వైపు ఇసుక దిబ్బల ఫొటో పత్రికలో పడిందంటే చాలు, కింద వార్త ఒకటే: ఎడారి ముంచుకొస్తోంది. ఎక్కడినుంచి వస్తోందో మాత్రం ఎవరూ రాయరు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల పొలాలను కప్పుతున్న ఇసుక ఏ ఎడారి నుంచీ రాలేదు. అది పక్కనే ఎండిపడున్న వేదవతిది, అక్కడివాళ్లు హగరి అనే ఏటిది. నైరుతి గాలి మొదలైతే ఆ ఇసుకను తూర్పు గట్టు దాటించి చేలలో పోస్తుంది. కాబట్టి ముంచుకొచ్చే ఎడారి కథ ఇక్కడ పుట్టింది కాదు. ఆఫ్రికాలో సహారా దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతం మీద పుట్టిన కథ అది, అక్కడే తేలిపోయింది కూడా.

ఆ కథ పుట్టిన కాలం అలాంటిది. అమెరికా మైదానాల్లో గడ్డి నేలలన్నీ గోధుమ కోసం దున్నేశాక 1930లలో కరవు వచ్చి మన్నంతా ధూళిగా లేచిపోవడం, 1935లో నేల సంరక్షణ చట్టం రావడం తెలిసిన సంగతులే. అదే ఏడాది, మన దేశంలో అటవీ అధికారిగా పనిచేసి వెళ్లిన ఇ.పి. స్టెబ్బింగ్ పశ్చిమాఫ్రికా చూసి, సహారా దక్షిణానికి జరుగుతోందని రాశాడు. ఆయన తిరిగింది ఎండాకాలంలో. 1936-37లో ఆంగ్ల, ఫ్రెంచి అటవీ అధికారుల సంఘం వెళ్లి చూసి, అలాంటి జరుగుడు పెద్దగా కనిపించలేదంది. ఆ నివేదికను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

1968-73 కరవు సాహెల్‌ను కుదిపేశాక పాత మాటకు మళ్లీ ప్రాణం వచ్చింది. 1975లో పర్యావరణ శాస్త్రజ్ఞుడు హ్యూ లాంప్రే సూడాన్ మీద విమానంలో తిరిగి, 1958 నాటి వృక్షసంపద పటంతో పోల్చి, పదిహేడేళ్లలో ఎడారి 90-100 కిలోమీటర్లు జరిగిందన్నాడు. ఏడాదికి అయిదున్నర కిలోమీటర్లన్న ఆ లెక్క ఎడారీకరణ మీద ఐక్యరాజ్యసమితి 1977లో జరిపిన నైరోబీ సదస్సు తర్వాత కూడా ఏళ్లపాటు నోళ్లలో నానింది. అయితే పటం మీది ఒక గీతను కరవు దెబ్బ తిన్న నేలతో పోలిస్తే తేలేది కరవు సంగతే. స్వీడన్ భూగోళ శాస్త్రజ్ఞులు 1980లలో అదే సూడాన్‌లో వెతికితే ఆ నడక జాడ దొరకలేదు. 1991లో కాంప్టన్ టక్కర్ బృందం ఉపగ్రహ చిత్రాలతో చూపించింది మరీ విచిత్రం: 1980 నుంచి 1984 దాకా పచ్చదనపు అంచు దాదాపు 240 కిలోమీటర్లు దక్షిణానికి దిగింది, వానలు పడిన 1985 ఒక్క ఏడాదిలోనే 110 కిలోమీటర్లు వెనక్కి వెళ్లింది.

దీంతో కొందరు రెండో కొసకు పోయారు. ఎడారీకరణే ఒక కట్టుకథ అన్నారు. నేను ఒప్పుకోను. ఉపగ్రహం చూసేది ఆకును, మన్నును కాదు. గాలి మన్నును ఏం చేస్తుందో 1941లోనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు రాల్ఫ్ బాగ్నోల్డ్ తేల్చి చెప్పాడు. ఇసుక రేణువులు నేలను అంటిపెట్టుకుని గెంతుతూ పోతాయి. పడ్డచోటల్లా సన్నటి మన్నును రేపుతాయి. గాలి వేగం రెట్టింపైతే మోసుకుపోయే ఇసుక సుమారు ఎనిమిది రెట్లవుతుంది. ఇసుక చేను గట్టు దగ్గరే ఆగుతుంది, సత్తువున్న సన్న మన్ను మాత్రం సముద్రాలు దాటిపోతుంది. అంటే గాలి పొలాన్ని చేటలో పోసి చెరుగుతుంది, పోయేది గింజ, మిగిలేది పొల్లు. బయటినుంచి ఏ దిబ్బా రానక్కర్లేదు, ఉన్నచోటే చేను చెడుతుంది.

నైజర్‌లో సజ్జ రైతుకు ఇది ఏటా అనుభవమే. తొలకరి ఉరుముల వానకు ముందు దుమారం లేస్తుంది. గెంతే ఇసుక లేత మొలకల ఆకులను చీరేస్తుంది, మిగిలినవాటిని పూడ్చేస్తుంది. మళ్లీ విత్తాలి, విత్తనం ఉంటే. వలస పాలన నాటినుంచి అక్కడ వేరుశనగ విస్తరించి, బీడు పెట్టే కాలం తగ్గిపోయింది. సాహెల్‌లో వానలు తగ్గడానికి ప్రధాన కారణం సముద్రపు వేడి అని 2003 నాటి పరిశోధన చూపించిన మాట నిజమే. రైతునో పశువుల కాపరినో దోషిని చేయడానికి ఇక వీల్లేదు. కానీ వాన తగ్గినప్పుడు నేల బోడిగా ఉందా, కప్పి ఉందా అన్నది మనిషి చేతిలోదే.

2007లో ఆఫ్రికా దేశాలు తలపెట్టిన ఎనిమిది వేల కిలోమీటర్ల హరిత గోడ మొదట్లో చెట్ల వరుసగానే ఊహించినది. శత్రువు నడిచి వస్తాడనుకున్నవాడే గోడ కడతాడు. తర్వాత దాన్ని సవరించుకున్నారు, ఆలస్యంగానైనా మంచిదే. అసలు పని నైజర్ రైతులు ముందే చేశారు. నరికిన మొద్దుల నుంచి వచ్చే చిగుళ్లను దున్నేయకుండా పెంచుకుంటూ యాభై లక్షల హెక్టార్ల దాకా చెట్లు తెచ్చుకున్నారు. మనవాళ్లు మాత్రం 2023లో ఆరావళి కొండల పచ్చదనం పథకానికి మళ్లీ గోడ పేరే పెట్టారు.

2018-19 నాటి ఇస్రో పటం దేశంలో 9.78 కోట్ల హెక్టార్లు క్షీణించాయంటుంది. అందులో గాలి కోత ఎక్కువగా రాజస్థాన్‌దే కనుక అనంతపురం ఆ లెక్కలో చిన్నదిగా కనిపిస్తుంది. కానీ వేరుశనగను వేళ్లతో సహా పీకి, కట్టెను పశువులకు తోలుకుపోయాక ఎర్రచేలో గడ్డిపోచ మిగలదు. జూన్ గాలి వచ్చేసరికి దుక్కి ఆరి ఉంటుంది. హగరి గట్టున నాలుగు వరుసల సరుగుడు నాటినంత మాత్రాన ఆ చేల మన్ను ఆగదు.