ఠాణా పుస్తకంలో పేర్లు

నల్లమలలో కృష్ణకు ఇరువైపులా ఉన్నది ఒకే చెంచు జనం. అదే వేట, అదే తేనె, అవే గడ్డలు. అయినా ఏటికి దక్షిణాన, కర్నూలు జిల్లాలో పుట్టిన చెంచుల్లో కొన్ని గుంపుల పేర్లు మద్రాసు ప్రభుత్వపు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. వాళ్ళను నేరస్త జాతుల చట్టం కింద చేర్చారు. ఉత్తరాన ఉన్న అమ్రాబాదు గుట్టలు నిజాం ఇలాకా. 1940లో ఆ గుట్టల మీది పెంటల్లో (చెంచు గూడేల్లో) తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద పుస్తకం వేస్తే, అందులో కనిపించేది దొంగల ముఠా కాదు, అడవిని నమ్ముకుని బతికే మనుషులు. ఏ ఒడ్డున పుట్టాడన్న దాన్ని బట్టి ఒకడు నేరస్తుడు, ఒకడు అడవి బిడ్డ.

పాలమూరు సీమలో నేరస్తుల జాబితాల చరిత్ర చెప్పుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఈ జాబితాలను ఇప్పుడు జనం మరో అవసరం కోసం అడుగుతున్నారు. వనపర్తిలో బిడ్డను కొత్త ట్యూషన్‌కు పంపే తల్లికో, స్కూలు ఆటో మాట్లాడే తండ్రికో ఒక అనుమానం రావచ్చు: ఈ మనిషికి ఇంతకుముందు లైంగిక నేరంలో శిక్ష పడిందా? అమెరికాలో ఇది ఫోన్‌లో తేలిపోయే విషయం. అక్కడ కాలిఫోర్నియా 1947లోనే ఇలాంటి నేరస్తుల నమోదు మొదలుపెట్టింది. న్యూజెర్సీలో ఏడేళ్ళ పాపను ఎదురింట్లో ఉండే పాత నేరస్తుడు చంపిన తర్వాత, 1994లో ఆ రాష్ట్రం, 1996లో దేశం మొత్తం ఆ వివరాలను ఇరుగుపొరుగుకు తెలపాలని చట్టం చేశాయి. ఇవాళ అక్కడ ఏ మారుమూల కౌంటీలోనైనా ఊరి పేరు కొడితే ఫొటో, చిరునామా, నేరం తెర మీదికి వస్తాయి. అక్కడ ఇల్లు కొనే మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆ వెబ్‌సైట్ కొత్త కాదు.

మన దేశంలోనూ అలాంటి జాబితా ఉంది. 2018 సెప్టెంబర్ 20న కేంద్ర హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ దాన్ని ప్రారంభించారు. 2005 నుంచి అత్యాచారం, సామూహిక అత్యాచారం, పిల్లలపై లైంగిక నేరాలు (పోక్సో), మహిళలను వేధించిన కేసుల్లో దోషులుగా తేలినవారి పేర్లు, చిరునామాలు, ఫొటోలు, వేలిముద్రలు అందులో ఉన్నాయి. తొలిరోజుకే 4.4 లక్షల ఎంట్రీలు. జాతీయ నేర గణాంక సంస్థ దాన్ని నడుపుతుంది. కాకపోతే అది పోలీసులకే. వనపర్తి తల్లికి ఆ తలుపు తెరుచుకోదు.

మూసి ఉంచే ఈ అలవాటు పాతదే. వనపర్తి, గద్వాల, ఆత్మకూరు, జటప్రోలు, గోపాలపేట సంస్థానాలు ఏలిన ఈ ప్రాంతంలో ఊరి మంచిచెడ్డల లెక్క పోలీస్ పటేల్ దగ్గర ఉండేది. శిస్తు మాలీ పటేల్‌ది, లెక్కలు పట్వారీవి, ఊళ్ళోకి కొత్త ముఖం వస్తే ఆరా తీసేది పోలీస్ పటేల్. ఆ ఆరా ఎవరి మీద? ఊళ్ళో భూమీ ఇల్లూ బలగమూ ఉన్నవాడి మీద కాదు. ఊరవతల గుడారం వేసిన ఎరుకల మీద, తండా నుంచి వచ్చిన లంబాడా మీద, భిక్షాటనకు వచ్చిన సంచారి మీద. దొర గడీలో ఏం జరిగినా పటేల్ కలం కదలదు. ఆడబిడ్డల మీద జరిగిన ఎన్నో దౌర్జన్యాలు ఆ గోడల లోపలివే అని తెలంగాణలో వేరే చెప్పనక్కర్లేదు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసేదాకా ఊరి కన్ను ఆ చూపుతోనే చూసింది.

ఆ చూపుకు చట్టం రూపం, అదే నేరస్త జాతుల చట్టం, 1871లో ఉత్తర భారతంలో వచ్చింది. 1911 నుంచి మద్రాసుకూ పాకింది. పుట్టుకతోనే నేరస్తుడన్న ముద్ర, వేలిముద్రల నమోదు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. ఆ ముద్ర పడినవాళ్ళను కట్టడిలో ఉంచిన సెటిల్‌మెంట్లలో, బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం అందరికీ తెలిసిన పేరు. కృష్ణ దాటితే కర్నూలు వైపు ఆత్మకూరు దగ్గర సిద్ధాపురం ఉంది. నిజాం సర్కారు తన సెటిల్‌మెంటును పాలమూరు జిల్లాలోని లింగాలలో పెట్టింది. ఇవాళ అది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక మండల కేంద్రం.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ చట్టాన్ని పరిశీలించిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతపు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. రద్దు చేయమని ఆ కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న రద్దయింది. పదేళ్ళకే, 1962లో, ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. కులం పేరు పోయింది, రిజిస్టర్ మిగిలింది.

ఇక ఠాణాలో ఇప్పటికీ బతికున్న పుస్తకం రౌడీషీటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసు స్టాండింగ్ ఆర్డర్లలో 601వది దీనికి ఆధారం. కొట్లాటలు అలవాటైనవాళ్ళు, బైండోవర్ అయినవాళ్ళు, బెదిరించి ఆస్తులు లాక్కునేవాళ్ళు ఆ జాబితాలో ఉంటారు. వాళ్ళ మధ్య ఒక అంశం పెద్దగా ఎవరి కంటా పడదు: ఆడవాళ్ళను, ఆడపిల్లలను అలవాటుగా వేధిస్తూ అసభ్యంగా మాట్లాడేవారి మీదా షీటు తెరవవచ్చు. అంటే లైంగిక నేరస్తుల జాబితాకు మన ఠాణాల్లో నాటు రూపం ఒకటి ఎప్పటి నుంచో ఉంది. వాడుక మాత్రం వేరు. షీటు ఎక్కినవాడు ఆదివారం స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టాలి, ఎన్నికలొస్తే తహసీల్దార్ ముందు బైండోవర్ కావాలి, గణేశ్ నిమజ్జనం ముందు ఎస్సై కౌన్సెలింగ్ వినాలి. ఆడపిల్లల జోలికి పోయినవాడికంటే మండల రాజకీయంలో ఎదురు తిరిగినవాడికే షీటు త్వరగా తెరుస్తారని ఏ ఊరి హోటల్ బల్ల దగ్గర కూర్చున్నా వినిపిస్తుంది. ఒకటి రెండు కేసులతోనే ఒకణ్ణి అలవాటు నేరస్తుడని ఎలా అంటారని ఉమ్మడి హైకోర్టు 1987 నుంచే అడుగుతూ వచ్చింది.

ఈ పుస్తకాలు జనానికి ఎందుకు కనిపించవు? 1980 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు పంజాబ్ నిఘా రిజిస్టర్ కేసులో ఒక గీత గీసింది. తీర్పు రాసినది అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. నిఘా రిజిస్టర్ రహస్య పత్రం, పేరు ఎక్కించే ముందు ఆ మనిషికి నోటీసు ఇవ్వాల్సిన పని లేదు, అయితే ఆ నిఘా మనిషి పరువును, స్వేచ్ఛను నొక్కేసేలా ఉండకూడదు, కారణం లేకుండా పేరు ఎక్కిస్తే కోర్టు అడుగుతుంది. పోలీసులు మొదటి సగాన్ని గట్టిగా పట్టుకున్నారు. రెండో సగాన్ని 2024 మేలో ఢిల్లీ హిస్టరీషీట్ల కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ గుర్తు చేయాల్సి వచ్చింది. సంచార, విముక్త జాతులవాళ్ళ పేర్లు పుట్టుక కారణంగానే ఎక్కుతున్నాయేమో చూసుకోండని రాష్ట్రాలన్నింటికీ చెప్పింది.

తెలంగాణ పోలీసులు 2018 జనవరి 18న ‘సకల నేరస్తుల సమగ్ర సర్వే’ చేశారు. గడచిన పదేళ్ళలో కేసుల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళకు ఒకేరోజు వెళ్ళి, ఫొటోలు, వేలిముద్రలు, కుటుంబ వివరాలు తీసుకుని, ఇంటిని మ్యాప్ మీద గుర్తు పెట్టారు. పోలీస్ పటేల్ నోటి లెక్క ట్యాబ్‌లోకి చేరింది. జనానికి అదీ కనిపించదు.

తలుపు తెరుస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకసారి అన్నది. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక యువ డాక్టర్‌పై జరిగిన అత్యాచారం, హత్య, డిసెంబర్ 6న పాత పాలమూరు జిల్లాలోని చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల ఎన్‌కౌంటర్, ఆ వెంటనే డిసెంబర్ 13న ఏపీ శాసనసభలో దిశ బిల్లు. మహిళలు, పిల్లల మీద నేరాలు చేసినవారి వివరాలు అందరికీ కనిపించేలా రిజిస్టర్ పెడతామని ఆ బిల్లు చెప్పింది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అది అమలు కాలేదు. చటాన్‌పల్లి కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, పోలీసులు చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. తొందరలో తెరిచే జాబితాలో ఎవరి పేర్లు పడతాయో ఆలోచించుకోవడానికి ఈ ఒక్కటి చాలు.

వనపర్తి వరకూ చూస్తే, అలాంటి వెబ్‌సైట్ రేపే వచ్చినా అందులో దొరికేది తక్కువ. దేశంలో అత్యాచారం కేసుల్లో ఏటా 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్ళే అని జాతీయ నేర గణాంకాలే చెబుతున్నాయి. బావ, పొరుగింటి పెద్దమనిషి, సారు. అలాంటి మనిషి పేరు ఠాణాకు చేరకముందే రచ్చబండ మీద పెద్దమనుషులు కూర్చుంటారు, జరిమానా వేస్తారు, లేదా పెళ్ళి చేసేస్తామంటారు. రాజీ అయిన కేసులో శిక్ష లేదు, శిక్ష లేనిదే లైంగిక నేరస్తుల జాతీయ జాబితాలో పేరు లేదు. వలస మరో సంగతి. ఏడాదిలో సగం ముంబైలోనో పుణేలోనో ఉండే పాలమూరు కూలీల పిల్లలకు ఊళ్ళో కాపలా ముసలవ్వ ఒక్కతే. వాళ్ళకు ప్రమాదం ఎవరి నుంచో ఏ చిరునామా మ్యాపూ చూపించదు.

చూడటానికి జాబితా లేకపోయినా చెప్పడానికి చట్టం ఉంది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. రచ్చబండ పెద్దలకూ మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, స్కూలు లాంటి సంస్థ పెద్ద తన కిందివాళ్ళ నేరాన్ని దాస్తే ఏడాది దాకా. పోలీసుల దగ్గరికి పోవడానికి జంకేవాళ్ళు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు.