చివరి వరసకి వినపడాలి

ఏ సమాజం వాళ్ళో, ఏ గుడి కమిటీ వాళ్ళో కొత్తగా హాలు కట్టిస్తున్నారనుకోండి. నేలకి నున్నటి రాళ్ళు పరిపిస్తారు. గోడలకి ఖరీదైన రంగులు, వేదిక వెనక జరీ తెర, దాతల పేర్లు చెక్కిన పాలరాయి, అన్నీ అమరుస్తారు. చివర్లో మిగిలిన చిల్లర డబ్బుతో మైకు సంగతి చూస్తారు. ప్రారంభోత్సవం నాడు వక్తగారు "సోదరీ సోదరులారా!" అనగానే ఆ మాట నాలుగు గోడలకీ తగిలి, తర్వాతి మాట మీద పడి, రెండూ కలిసి ఉత్త హోరైపోతుంది. ముందు వరసలో పెద్దలు తలలూపుతూనే ఉంటారు. వెనక వరసలో చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆ సోదరీమణులు మాత్రం "ఏమంటున్నాడే ఆయన?" అని ఒకరినొకరు అడుక్కుంటూ, కాసేపటికి సొంత కబుర్లలో పడతారు. ఆడవాళ్ళు సభలో మాట్లాడుకుంటారన్న అపవాదు సగం ఇలా పుట్టిందే!

గొంతు అందరికీ చేరాలనే తాపత్రయం ఈనాటిది కాదు. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలా హిస్సారులో వినపడేటట్లు కట్టారు. మైకులు లేని రోజుల్లో మన నాటకాల వాళ్ళూ, హరిదాసులూ చివరి మనిషి దాకా వినిపించేవారంటే అది వాళ్ళ గొంతుల చలవే. అయితే హాలుకి ఎంత మారుమోత ఉండాలి, దాన్ని ముందే లెక్క కట్టవచ్చా అన్న ప్రశ్నకి జవాబు దొరికింది మాత్రం అమెరికాలో, పందొమ్మిదో శతాబ్దం చివర. అదీ దిళ్ళతో!

1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం అని ఒక భవనం లేచింది. అందులో ఉపన్యాసాలకని కట్టిన గది చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ నోరు తెరిచి ఒక మాటంటే అది ఐదున్నర సెకన్లు గదిలోనే తిరుగుతూ ఉండేది. ఆ వ్యవధిలో మాట్లాడే మనిషి ఇంకో వాక్యం అనేస్తాడు కదా! ఇక పిల్లలకి పాఠమేం అర్థమవుతుంది? దీన్నెలాగైనా బాగుచేయమని విశ్వవిద్యాలయం అధ్యక్షుడు ఎలియట్ ఒక కుర్ర ఫిజిక్సు ఉపాధ్యాయుడికి అప్పగించాడు. ఆయన పేరు వాలెస్ సబీన్. వయసు ఇరవై ఏడు.

సబీన్ పెద్ద పెద్ద యంత్రాలేం తెప్పించుకోలేదు. పక్కనే ఉన్న సాండర్స్ థియేటరులో కుర్చీల మీది దిళ్ళు అరువు తెచ్చుకున్నాడు. అర్ధరాత్రి ఊరు సద్దుమణిగాక దిళ్ళు మోసుకురావడం, గదిలో కొన్ని కొన్నిగా పరచడం, ఆర్గన్ గొట్టం ఒకటి మోగించి అది ఎన్ని సెకన్లకి పూర్తిగా అణిగిందో రాసుకోవడం, తెల్లారేలోగా మళ్ళీ దిళ్ళన్నీ ఎక్కడివక్కడ పెట్టేయడం, ఇదీ పని. దిళ్ళు పెరిగినకొద్దీ మారుమోత తగ్గింది. అన్నీ పరిచేసరికి ఐదున్నర సెకన్లు కాస్తా ఒక సెకను చిల్లరకి దిగింది.

ఒకసారి తను వేసుకున్న బట్టలు మారినా లెక్క మారుతోందని ఆయనకి తెలిసింది. అంతే, పాత లెక్కలు అవతల పారేసి, అప్పటినుంచీ ఒకే జత బట్టలతో ప్రయోగాలు చేశాడు. చివరికి 1898లో సూత్రం దొరికింది. గది ఎంత పెద్దదైతే మారుమోత అంత ఎక్కువ. చప్పుడుని పీల్చుకునేవి ఎన్ని ఉంటే అంత తక్కువ. ఆ రహస్యం తట్టగానే ఆయన మొట్టమొదట చెప్పింది వాళ్ళమ్మకేనట!

పీల్చుకోవడాన్ని కొలవడానికి ఆయన పెట్టుకున్న కొలత ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ. కిటికీలోంచి వెళ్ళిన చప్పుడు మళ్ళీ తిరిగి రాదు కదా! దిండు ఇన్ని చదరపు మీటర్ల కిటికీకి సమానం, తివాసీ ఇంతకి సమానం అని జాబితా వేశాడు. ఆ జాబితాలో మనుషులూ ఉన్నారు. విడిగా ఉన్న మగవాడు 0.48, విడిగా ఉన్న ఆడమనిషి 0.54! ఆ కాలపు పొడుగాటి గౌన్ల మహిమ. మన పట్టుచీరల్ని కొలిచి ఉంటే ఏం రాసేవాడో! హాస్యానికి కాదు గానీ, ఖాళీ హాల్లో ఘొల్లుమన్న మాట జనం నిండాక కాస్త స్పష్టంగా వినపడేది అందుకే.

ఆ సూత్రంతో ముందుగా లెక్క కట్టుకుని కట్టిన మొదటి హాలు బోస్టన్ సింఫనీ హాలు. 1900 అక్టోబరు 15న తెరిచారు. ఈనాటికీ ప్రపంచంలోని మేలైన సంగీతశాలల్లో దాన్ని లెక్కపెడతారు.

ఖర్చు ముచ్చట తెలియాలంటే మాత్రం న్యూయార్కు వెళ్ళాలి. అక్కడ లింకన్ సెంటరులో ఫిల్హార్మోనిక్ హాలు 1962లో తెరిచారు. మొదట 2,400 సీట్లన్నారు. ఇంకొన్ని ఉంటే బాగుంటుందని పత్రికలు గోలపెడితే సీట్లు పెంచి, హాలు ఆకారం మార్చారు. తీరా తెరిచాక శబ్దం బాగోలేదని అందరూ పెదవి విరిచారు. అతుకులు వేశారు, గతుకులు పూడ్చారు. 1976లో లోపలంతా పగలగొట్టి మళ్ళీ కట్టారు. అదీ తృప్తి కాలేదు. 2022లో 55 కోట్ల డాలర్లతో మూడోసారి సరిచేశారు. ఈసారి సీట్లు సుమారు 2,200! చూశారా, పెంచిన సీట్లే కాదు, ముందనుకున్నవాటిలోనూ కొన్ని వదులుకోవలసి వచ్చింది. గుడ్డ చాలకపోయినా జాకెట్టు కుట్టమన్నట్టు!

"ఇప్పుడు మైకులున్నాయిగా, ఈ లెక్కలెందుకూ?" అంటారేమో. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ సాన్ డియాగోలో లౌడ్‌స్పీకర్ల సాయంతో యాభైవేలమందితో మాట్లాడాడు. నిజమే, కానీ అది ఆరుబయలు. నాలుగు గోడల మధ్య మైకు మాటతోపాటు మారుమోతనీ పెంచుతుంది. పైగా చెవికి రెట్టింపుగా తోచాలంటే యంత్రం బలం పదింతలు కావాలి. ముందు పెద్ద బూరా ఒకటి పెట్టి వెనక్కి వినిపించాలంటే, ముందు వాళ్ళ చెవులు చిల్లులు పడాలి, కమిటీ జేబుకీ చిల్లు పడాలి.

దీనికి విరుగుడు లండనులో చేసి చూపించారు. సెయింట్ పాల్స్ కెథెడ్రల్ ఖాళీగా ఉన్నప్పుడు మారుమోత పది సెకన్లకి పైనే. 1951 ప్రాంతంలో పార్కిన్, టేలర్ అనే ఇద్దరు అక్కడ పొడుగాటి స్తంభాల్లాంటి స్పీకర్లు అమర్చారు. వాటి శబ్దం పైకప్పుకి పోకుండా మనుషుల వైపే పోతుంది. వెనకున్న స్పీకర్లు కాస్త ఆలస్యంగా పలికేటట్లు చేశారు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు నడుస్తుంది కనుక ముందరి గొంతు వెనక్కి చేరడానికి ఎంత పడుతుందో అంత ఆలస్యం. ముందొచ్చిన శబ్దం ఎటునుంచి వస్తే మాటంతా అటునుంచే వచ్చిందని చెవి నమ్ముతుందని హాస్ అనే జర్మన్ 1949లో తేల్చాడు. ఆ మాయే ఇక్కడ పనికొచ్చింది. చివర కూర్చున్న ఆవిడకీ ఎదుట వేదిక మీదినుంచే మాట వస్తున్నట్టుంటుంది.

కనక హాలు కమిటీలో మీరుంటే (ఉండాలి కూడా!) జాబితా తిరగేయండి. మొదట గది ఎంత, ఎంతమంది కూర్చుంటారు, అక్కడ జరిగేది ఉపన్యాసమా, కచేరీయా అని అడగండి. మాటకి మారుమోత తక్కువుండాలి, పాటకి కాస్త ఉంటేనే అందం. తర్వాత నున్నటి గోడలకి తెరలు, మెత్తలు, కుర్చీలకి దిళ్ళు. ఆ తర్వాతే స్పీకర్లు, ఒక పెద్దదానికి బదులు గోడల వెంట చిన్నవి నాలుగు. వైర్లకి గొట్టాలు గోడలు కట్టేటప్పుడే వేయించాలి. పాలరాయి పలక చివర్న పెట్టుకోవచ్చు, అది లేకపోయినా దాతలకి పుణ్యం తగ్గదు.

డబ్బు సరిపోలేదని ఏదైనా తగ్గించాల్సి వస్తే ఒక్కసారి వెళ్ళి చివరి వరసలో కూర్చోండి. అక్కడ కూర్చునేది ఆలస్యంగా వంటింటి పని ముగించుకుని వచ్చిన ఇల్లాలు, వినికిడి తగ్గిన బామ్మగారు, ముందుకి రావడానికి మొహమాటపడే పనిమనిషి. వాళ్ళకీ మాట అందితేనే అది సభ.