స్వరపేటిక తీసిన పిమ్మట

అన్నము తినుచుండగా పొలమారినచో ఎవరో తలచుకొనుచున్నారని మన యిండ్లలో పెద్దలు నడినెత్తిపై తట్టుదురు. తలచుకొన్నవారెవరో నేను చెప్పజాలను గాని, ఆ క్షణమున గొంతులో జరిగినదేమో వైద్యశాస్త్రము చెప్పగలదు. నోటినుండి పోవు త్రోవ గొంతులో రెండుగా చీలును. ముందున్నది ఊపిరి పోవు వాయునాళము. వెనుక నున్నది ఆహారము పోవు అన్ననాళము. వాయునాళపు వాకిట కాపున్నది స్వరపేటిక. మెతుకు గాని నీటిచుక్క గాని ఊపిరితిత్తులలో పడకుండ కాచుట దాని మొదటి పని. మాటాడించుట రెండవ పని. ఈ కావలికే రాచపుండు పుట్టినపుడు దానిని సమూలముగా తీసివేయుట యెట్లు? తీసిన పిమ్మట ఆ రెండు త్రోవలును కలిసిపోకుండ చూచుట యెట్లు? ఇందు రెండవ ప్రశ్నయే కఠినమైనది.

వియన్నా నగరమున చెర్నీ యను వైద్యుడు 1870లో కుక్కలపై ఈ శస్త్రచికిత్సను చేసి చూచెను. 1873 డిసెంబరు 31వ తేదీన ఆయన గురువగు బిల్‌రోత్, 36 ఏండ్ల యుపాధ్యాయుని గొంతునుండి రాచపుండుతో కూడ స్వరపేటికను పూర్తిగా తొలగించెను. రోగి బ్రదికెను. బిల్‌రోత్ శిష్యుడు గుస్సెన్‌బవర్ అతనికి లోహపు నాలుకగల కృత్రిమ స్వరయంత్రము నొకదానిని అమర్చెను. హెచ్చుతగ్గులు లేని యేకస్వరముతోనైనను అతడు నలుగురికి తెలియునట్లు మాటాడెనట. ఏడు మాసములకు పుండు మరల పుట్టి అతడు మరణించెను.

ఇందొక విషయము గమనింపదగినది. ఆ యంత్రము పనిచేయవలెనన్నచో గొంతులోని త్రోవను వాయునాళముతో కలుపు ద్వారము తెఱచియే యుండవలెను. అందువలన ఆనాటి వైద్యులు దానిని మూయలేదు. ఆ ద్వారముగుండ గాలి పైకి పోయినట్లే లాలాజలము క్రిందికి దిగెను. దానితోపాటు నోటిలోని క్రిములు ఊపిరితిత్తులకు చేరి వాపు కలిగించెను. కత్తి క్రింద బ్రదికిన రోగులు పెక్కురు కొలది దినములలోనే, కొలది వారములలోనే ఇట్లు మరణించిరి. వారిని చంపినది శస్త్రము కాదు, తమ ఉమ్మియే యని నేననుకొందును.

జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ కథను ఈ వెలుగులో చూడవలెను. ఆయన గొంతులోనిది రాచపుండని 1887 నవంబరులో తేలినపుడు, స్వరపేటికను పూర్తిగా తీయుటకు ఆయన సమ్మతింపలేదు. 1888 ఫిబ్రవరిలో ఊపిరి యాడక వాయునాళమునకు రంధ్రము చేయవలసివచ్చెను. మార్చిలో చక్రవర్తియై, 99 దినములు మాత్రమే పాలించి, జూన్ 15న మరణించెను. ఆయనను చూచిన ఆంగ్ల వైద్యుడు మెకంజీని చరిత్రకారులు పలువురు నిందించిరి. ఆ నింద నటుండనిండు. ఆనాటి ఫలితములు తెలిసిన రోగి యెవడైనను ఆ శస్త్రచికిత్సకు జంకుట సహజమేకదా!

ఈ చిక్కును విప్పిన ఘనత చాలవఱకు బెర్లిను వైద్యుడు గ్లుక్‌ది. ఆయన 1881లో ట్సెల్లర్‌తో కలిసి జంతువులపై ప్రయోగములు చేసి, ముందుగా వాయునాళమును అడ్డముగా కోసి, దాని కొసను మెడ చర్మమునకు కుట్టివేయు విధానమును సూచించెను. ఇక ఊపిరికి మెడలో వేఱు ద్వారము, అన్నమునకు నోటి త్రోవ. రెంటికిని సంబంధమే లేదు. తరువాత సోరెన్‌సెన్‌తో కలిసి, గొంతును కూడ కుట్లతో పూర్తిగా మూయు పద్ధతిని అభివృద్ధిచేసెను. మరణములు తగ్గెను. స్వరము మాత్రము పోయెను.

కుట్టినంత మాత్రమున గొంతు మూసికొనునని నమ్మరాదు. కొందఱిలో మొదటి వారము గడచునప్పటికి జ్వరము తగిలి, మెడ యెఱ్ఱబాఱి, కుట్లసందునుండి లాలాజలము చర్మముపైకి కారును. ఇట్టి గొట్టపుపుండును మన సుశ్రుతాది వైద్యులు నాడీవ్రణమని వర్ణించిరి. నేటికిని నూటికి 10 మొదలు 30 మందివఱకు రోగులలో ఇది కనబడును. ముందుగా కిరణచికిత్స పొందినవారిలో హెచ్చు. అట్టివారి మాంసమునకు రక్తప్రసారము తక్కువగుటయే అందులకు ముఖ్యకారణము. అనుమానమున్నచో నీలిరంగు కలిపిన నీటిని గ్రుక్కెడు త్రాగించి, మెడకట్టు నీలిబాఱునేమో చూచుట సులభమైన పరీక్ష. లాలాజలము ఊపిరి ద్వారమువైపు పోకుండ, మెదడునకు రక్తము కొనిపోవు పెద్ద ధమనిని తాకకుండ దారి మరలించుట వైద్యుని మొదటి కర్తవ్యము. ఆ ధమని గోడ తినబడి పగిలినచో నిమిషములలో ప్రాణము పోవును. నోటి ఆహారము మాని, ముక్కుగుండ వేసిన గొట్టముతో పోషించి, దినదినము కట్టు మార్చుచు ఓపికపట్టినచో, పెక్కు రంధ్రములు కొన్ని వారములలో తామే పూడును. పూడనివానికి ఆరోగ్యమగు మాంసమును తెచ్చి కప్పవలెను. బకామ్జియన్ 1965లో రొమ్ము చర్మమును, అరియాన్ 1979లో రొమ్ము కండరమును, రక్తనాళములు తెగకుండ మెడకు త్రిప్పి కప్పు విధానములను ప్రకటించిరి.

ఇక పోయిన స్వరము మాట. గట్మన్ అను అమెరికా వైద్యుడు 1932లో ఒక వింత విషయమును ప్రకటించెను. స్వరపేటిక తీయబడిన రోగి యొకడు, మంచుగడ్డలను పగులగొట్టు సూదిని ఎఱ్ఱగా కాల్చి, మెడలోని ద్వారమునుండి వెనుకగోడను తానే పొడుచుకొని గొంతులోనికి రంధ్రము చేసికొన్నాడట! ఊపిరి ఆ రంధ్రముగుండ పోయి, అతనికి మాట వచ్చినది. వైద్యులు అర్ధశతాబ్దము శ్రమించి మూసిన త్రోవను రోగి తెఱచుకొనెను. మూగతన మెంత దుర్భరమో ఇంతకన్న చెప్పనేల?

తరువాత కాన్లీ మున్నగువారు చర్మముతోను, పొరలతోను ఇట్టి సొరంగములు నిర్మించిరి గాని, కొన్ని కారెను, కొన్ని పూడెను. 1980లో సింగర్, బ్లామ్ అను అమెరికనులు వాయునాళమునుండి అన్ననాళమునకు చిన్న రంధ్రము చేసి, సిలికోను కవాటము నందు నిలిపిరి. అది గాలిని వెనుకకు పోనిచ్చును, నీటిని ముందుకు రానీయదు. రోగి బొటనవ్రేలితో మెడద్వారమును మూసి ఊపిరి విడిచినచో, అన్ననాళపు పైగోడలు కంపించి స్వరము పుట్టును.

ఆ కవాటమును శాశ్వతమని తలపరాదు. దానిపై బూజు పెరిగి కొన్ని మాసములకు కారుట మొదలిడును, అపుడు మార్చవలెను. దిగుమతియగు కవాటముల వెల బీదవారికి భారమగుటచే, బెంగుళూరు శస్త్రవైద్యుడు విశాల్ రావు సుమారు 50 రూపాయల వెలకు ఒక కవాటమును రూపొందించెను. కవాటము మధ్యనుండి కారుచున్నచో మార్చిన చాలును. చుట్టునుండి కారుచున్నచో రంధ్రమే వెడల్పైనదన్నమాట. దానిని బిగియించుటయో, కవాటమును తీసి రంధ్రమును పూడనిచ్చుటయో చేయవలెను. కారుచున్న చోటును కనుగొనుటకు ఇప్పుడును రంగునీరే త్రాగింతురు.