కవ్వము

కవ్వము పెరుగును చిలికి వెన్న తీయుటకు వాడే కొయ్య పనిముట్టు. దీనిని సంస్కృతములో మంథానము అంటారు. శ్రీ సత్యసాయి జిల్లాలోని మడకశిర ప్రాంతమునకు పొరుగు భాషయైన కన్నడములో దీని పేరు కడగోలు. ఉడుపిలోని శ్రీకృష్ణ విగ్రహము చేతిలో కనిపించేది ఈ కడగోలే.

నిర్మాణము

నునుపైన కాడ, దాని అడుగున చీలికలుగా చెక్కిన తల దీని ముఖ్య భాగములు. చిన్న కవ్వమును అరచేతుల మధ్య త్రిప్పుతారు. పెద్ద కవ్వమును గుంజకు వదులైన ఉచ్చులతో నిలిపి, కాడకు చుట్టిన త్రాటి రెండు కొనలను మార్చి మార్చి లాగుతారు. క్షీరసాగర మథన కథలో మందర పర్వతము కవ్వము, వాసుకి త్రాడు.

పనిచేయు విధానము

కవ్వము ఒకమారు ఒక వైపునకు, మరుమారు ఎదురు వైపునకు తిరుగుట వలన పెరుగు ఒకే సుడిగా తిరగక బాగా చిలకబడుతుంది. కొవ్వు కణములపై గల సన్నని పొర చిట్లి, అవి ఒకదానికొకటి అంటుకొని వెన్నగా తేలుతాయి. మిగిలినది మజ్జిగ. వేడి ఎక్కువైతే వెన్న ముద్ద కట్టదు. చలి ఎక్కువైతే ఆలస్యముగా పడుతుంది. కావున వేసవిలో చల్లని నీరు, చలికాలములో గోరువెచ్చని నీరు కలుపుతారు.

ప్రస్తుత స్థితి

మిక్సీలు వచ్చిన తరువాత పెద్ద కవ్వముల వాడుక తగ్గినది. పాలన్నీ పాలకేంద్రమునకు పోసే ఇండ్లలో చిలుకుటకు పెరుగే మిగలదు. చిన్న కవ్వము మజ్జిగ చేయుటకు నేటికీ వాడుకలో ఉన్నది. అయితే చిలుకు శబ్దములోని మార్పును బట్టి వెన్న పడినదని గుర్తించే నేర్పు పెద్ద కవ్వముతో పాటే మరుగున పడుతున్నది.